తుప్పలకు అరువు మేకలా, కాపరితో వచ్చే మందా?

వానలు పడి మామిడి తోటల్లో తుప్పలు లేచాయంటే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. తెలిసినవారి దగ్గర నాలుగైదు మేకలను తెచ్చి కట్టుకోవడం మేలా, కాపరితో సహా మందను దింపించడం మేలా? ఈ ఏడాది నేను మందనే దింపించాను. ఖర్చు చూసి తీసుకున్న నిర్ణయం కాదది.

మీ తోటలో లేచినదేమిటో ముందు చూసుకోండి. రేగు, నల్లతుమ్మ, అడవి తీగలు అయితే మేకకు పండగే. ముందరి కాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి, ముళ్ల సందుల్లోంచి పెదవులతో ఆకునొక్కదాన్నే దూసుకుంటుంది. సర్కారు తుమ్మ దగ్గర కథ తిరగబడుతుంది. దాని ఆకు పెద్దగా ముట్టదు, తియ్యటి కాయలను మాత్రం ఏరుకుని తింటుంది. గింజలు అరగకుండా పెంటికల్లో బయటపడి ఎక్కడికక్కడ మొలుస్తాయి. కాయలు రాలే రోజుల్లో మేకలను వదిలితే మనమే విత్తనం చల్లించుకున్నట్టు. లాంటానా తింటే కామెర్లు వస్తాయి. గట్టున గన్నేరు ఉంటే ప్రాణానికే ముప్పు.

ఇవన్నీ చూస్తూ ఉండేది ఎవరు? నా లెక్కలో తేల్చేది ఇదే.

అరువు మేకను తాడుతో కడితే మేకు చుట్టూ ఉన్నంత మేర తిని అరుస్తుంది. తాడు పొదకు చుట్టుకుంటే పక్కనే ఉన్న నీళ్ల బకెట్ కూడా అందదు, కుక్కలు వస్తే పారిపోలేదు. విప్పి వదిలితే మామిడి మీద పడుతుంది. పైదవడకు ముందు పళ్లు లేకపోయినా కింది పళ్లతో బెరడును గీరి పట్టీలుగా లాగేస్తుంది. మొదలు చుట్టూ బెరడు పోయిన చెట్టు మీద ఆశ వదులుకోవలసిందే.

పైగా పోషణ భారమంతా మనదే. రాత్రికి వాన తగలని, తడి లేని మిట్ట చోటు కావాలి. లేత పచ్చిక మీదికి ఆకలితో వదిలితే కడుపు ఉబ్బుతుంది కాబట్టి పొద్దున కాస్త ఎండుమేత వేయాలి. పీపీఆర్ అనే మేకల ప్లేగుకు, ఉన్నట్టుండి ప్రాణం తీసే చిటుక రోగానికి టీకాలు వేయించారా, నట్టల మందు తాగించారా అని తెచ్చేముందే అడగాలి. ఇంట్లో పశువులుంటే రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. మందు కొట్టిన చెట్ల దరికి పోనివ్వకూడదు. సగపాలుకు తెచ్చుకునేవారు పిల్లల పంపకం ముందే మాట్లాడుకుంటారు. మేక చస్తే నష్టం ఎవరిదన్న మాట మాత్రం చచ్చాకే వస్తుంది!

మందతో వచ్చే కాపరికి ఇవి ఒకరు చెప్పనక్కరలేదు. ఏ మేక చెట్టు మీదికి ఎగబడుతుందో ఆయనకు ముందే తెలుసు, ఒక్క అదిలింపుతో వెనక్కి తిప్పుతాడు. అందని ముళ్లకొమ్మను దోటితో వంచి కోసి కిందపడేస్తాడు. పొదల్లో ఆకు అయిపోగానే, చూపు మామిడి మీదికి మళ్లకముందే, మందను కదిలిస్తాడు. రాత్రి తోటలోనే మంద కట్టిస్తే ఎరువు కూడా మిగులుతుంది. రాత్రికింతని డబ్బో ధాన్యమో ఇచ్చి, నీళ్లు, వంటకు చోటు చూపితే సరి. ఇబ్బందల్లా ఒకటే, మంద తన దారిన వచ్చినప్పుడే వస్తుంది, మనం పిలిచినప్పుడు కాదు. ఆకు తిన్నాక మిగిలిన మోళ్లను మనం కొట్టించుకోవాలి. చిగుళ్లు వేశాక మరోసారి మేపించకపోతే తుప్ప మళ్లీ లేస్తుంది.

గొర్రెలు గడ్డికే పనికొస్తాయి. బ్రష్ కట్టర్ కలుపుకు చాలు, రాళ్ల నేలలో బ్లేడు దండగ. సర్కారు తుమ్మను వేళ్లతో పెకలించడానికి మాత్రం జేసీబీయే గతి. లేత మొక్కల తోటలోకి మేకలు ఎవరివైనా వద్దు.

ఇంటి వెనక కొద్దిపాటి జాగా ఉండి, పగలంతా చూసే మనిషి ఉన్నవారు అరువు మేకలను నిరభ్యంతరంగా తెచ్చుకోవచ్చు. ఒంటరి మేక బెంగతో మేయదు, కనీసం రెండు ఉండాలి. పోతు వద్దు. చూడి మేకను అసలే తేవద్దు, ఈత మీ చేతుల మీద పడుతుంది.