డ్రాగన్స్ డాగ్మా 2: రోడ్డు మీద గెలిచింది, గుహలో ఓడింది

ముందే తేల్చి చెప్పేస్తాను. డ్రాగన్స్ డాగ్మా 2 అనే వీడియో గేమ్‌లో సగం ఆట వరకు నాకు మొదటి భాగం గుర్తుకే రాలేదు. ఆ సగం దాటాక మాత్రం రోజూ గుర్తొచ్చింది.

రెండోది 2024 మార్చి 22న వచ్చింది. అప్పట్నుంచి ఆపుతూ, మళ్లీ మొదలుపెడుతూ ఆడుతూనే ఉన్నాను. మధ్యలో మొదటిదాన్ని కూడా మళ్లీ తీసి చివరిదాకా ఆడాను. అది 2012లో కన్సోల్స్ మీద వచ్చింది, మరుసటి ఏడాది డార్క్ అరైజెన్ పేరుతో పెద్ద అదనపు భాగం కలిపి ఇచ్చారు, పీసీకి రావడానికి 2016 పట్టింది. రెండూ జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ ఆటలే, రెండింటికీ దర్శకుడు హిదెయాకి ఇత్సునోయే. కాబట్టి చెయ్యి మారింది, అందుకే ఆట మారింది అనడానికి లేదు. ఒకే మనిషి పన్నెండేళ్ల తర్వాత అదే ఆలోచనను మళ్లీ తీసుకుంటే ఏం పెరిగింది, ఏం పోయింది అన్నదే నా బాధంతా.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఒక డ్రాగన్ వచ్చి మన గుండె పెకలించి పట్టుకుపోతుంది, మనం చావం, దాని వెంట పడతాం. అలా గుండె పోయినవాడినే అరైజెన్ అంటారు. మనతోపాటు పాన్‌లు అని ముగ్గురు అనుచరులు నడుస్తారు. ఒకడిని మనమే తయారు చేసుకోవాలి, మిగతా ఇద్దరినీ వేరే ఆటగాళ్లు తయారు చేసుకున్నవాళ్లలోంచి తెచ్చుకోవాలి. ఇలాంటి ఏర్పాటు నేను ఇంకే ఆటలోనూ చూడలేదు, ఈ రెండు ఆటల మీద నాకున్న ప్రేమంతా ఇక్కడే మొదలైంది.

మాది విజయనగరం, మా బావది పలాస. నా అనుచరుడి పేరు పైడిరాజు, వైద్యం చేసే మంత్రగాడు. వాడిని బావ తన ఆటలోకి తీసుకెళ్తాడు, బావ విలుకాడిని నేను తెచ్చుకుంటాను. మొదటి భాగంలో కూడా ఇది ఉంది, కానీ అక్కడ అనుచరులు మాట్లాడటమే ఎక్కువ, తోడేళ్లు కనపడిన ప్రతిసారీ అదే డైలాగు. రెండోదాంట్లో నిజంగా నేర్చుకుని వస్తారు. నా దగ్గర ఒక పని పూర్తి చేసిన పైడిరాజు బావ దగ్గరికెళ్లి, అదే పని అక్కడ మొదలవగానే దారి తనకు తెలుసని చెప్పి ముందు నడుస్తాడు. ఒకరోజు రాత్రి బావ ఫోన్ చేసి, "బావా, నీ పైడిరాజు నాకంటే ముందే పెట్టె ఎక్కడుందో చూపించేస్తన్నాడేటి!" అన్నాడు. నాకైతే మావాడు పరీక్ష పాసైనంత సంతోషమేసింది. సేక్రెడ్ ఆర్బర్ అనే అడవి ఊళ్లో ఉండే ఎల్ఫ్ జాతివాళ్లు వాళ్ల భాషలోనే మాట్లాడతారు, మనకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆ విద్య వచ్చిన అనుచరుడు పక్కనుంటే తర్జుమా అయి వస్తుంది. ఇంత చిన్న విషయం మీద కూడా ఎవరో కూర్చుని పని చేశారంటే మెచ్చుకోవాల్సిందే.

ఇక రోడ్డు. రెండో భాగంలో అసలు హీరో రోడ్డే. మ్యాప్ మొదటిదానికి దాదాపు నాలుగింతలు, అందులో ఎక్కువ శాతం నడవాల్సిందే. ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతాలంటే ఫెర్రీస్టోన్ కావాలి, ఒక్కొక్కటి పది వేల బంగారం. దాని బదులు ఎద్దుబండి ఎక్కొచ్చు. వంద, రెండొందలు ఇచ్చి వెర్న్‌వర్త్ నగరం నుంచి మెల్వ్ అనే ఊరికి బండెక్కుతాం, కునుకు తీస్తాం, కళ్లు తెరిస్తే సగం దారిలో గోబ్లిన్లు చుట్టుముట్టి ఉంటాయి. ఒకసారి వాటిని తరిమేశాం అనుకునేలోపు పైనుంచి గ్రిఫిన్ దిగింది, గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న రెక్కల జంతువు. దిగడం దిగడమే బండి మీద దిగింది. బండి ముక్కలు, ఎద్దు చచ్చింది, బండివాడూ చచ్చాడు. నేను దాని వీపు మీదికి పాకి మెడ దగ్గర పొడుస్తుంటే అది ఎగిరిపోయింది, నన్ను తీసుకునే ఎగిరిపోయింది. కింద అనుచరులు చీమలంత అయిపోయారు, చేతిలో స్టామినా తగ్గిపోతోంది, వదిలేస్తే చావు, పట్టుకుంటే ఎక్కడికెళ్తుందో తెలీదు. చివరికి ఏదో కొండ మీద దాని గూడు దగ్గర దిగింది. మెల్వ్‌లో చెయ్యాల్సిన పని పక్కకుపోయి, ఆ కొండ దిగి మనుషులున్న చోటికి చేరడమే పనైపోయింది. ఎవరూ రాసిపెట్టని కథ ఇది, ఇంకొకరికి ఇదే దారిలో ఇంకోటి జరుగుతుంది. శివరాత్రికి రామతీర్థం నడిచి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది, దర్శనం అయిపోయేది రెండు నిమిషాల్లో, ఏడాదంతా చెప్పుకునేది దారి గురించే. ఈ ఆట కూడా అంతే.

దెబ్బ తిన్నప్పుడల్లా మన గరిష్ఠ ఆరోగ్యమే కొంచెం కొంచెం కోసుకుపోతుంది, అది మందులతో రాదు, సత్రంలోనో గుడారం వేసుకునో పడుకుంటేనే వస్తుంది. ఈ ఒక్క నియమంతో ప్రయాణం మొత్తం బరువెక్కింది. ఇంకా ముందుకెళ్దామా, చీకటి పడుతోంది, ఇక్కడే ఆగుదామా అని ప్రతి సాయంత్రం టెన్షనే. మొదటిదాంట్లో రాత్రి ఇంతే చిక్కగా ఉండేది, లాంతరులో నూనె చూసుకోవాల్సి వచ్చేది, అయితే ఆ ప్రపంచం చిన్నది, నాలుగుసార్లు తిరిగితే ఏ మలుపులో ఏ దొంగలుంటారో నోటికొచ్చేసేది. పైగా పీసీలో ఎన్నిసార్లు వాడినా అరిగిపోని ఫెర్రీస్టోన్ మొదట్లోనే చేతికిచ్చేశారు. నడక విషయంలో రెండోదానికే నా ఓటు, అందులో రెండో మాట లేదు.

మనిషి ముఖం, సింహం ఒళ్లు ఉన్న స్ఫింక్స్ గురించి చెప్పకపోతే పాపం. పది పొడుపు ప్రశ్నలు అడుగుతుంది, ఒక్కోదానికి ఒక్కటే అవకాశం. వాటిలో ఒకటి, మీరు మొట్టమొదటి సీకర్స్ టోకెన్ ఏరుకున్న చోటికే మళ్లీ వెళ్లి అక్కడున్నది తెమ్మంటుంది. ఆ టోకెన్లు ప్రపంచమంతా చెల్లాచెదురుగా ఉంటాయి, ఎవరికి ఏది ముందు దొరికిందో వాళ్లకే తెలియాలి. కాబట్టి ఇంటర్నెట్‌లో వెతికినా జవాబు ఉండదు. నాది మెల్వ్ పరిసరాల్లో దొరికింది, ఆ చోటు కళ్ల ముందు మెదిలింది కాబట్టి వెళ్లి తెచ్చేశాను. బావ మాత్రం వారం పాటు తిరిగాడు. ఆటగాడి జ్ఞాపకాన్నే తాళంచెవి చేసిన క్వెస్ట్ ఇంకోటి నేను చూడలేదు, మొదటి భాగం మొత్తంలో దీనికి సాటి వచ్చేది లేదు.

ఇంత పొగిడాక ఇప్పుడు అసలు గొడవకొస్తాను.

పోరాటంలో రెండోది చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసుడు తూలుతున్నప్పుడు కాలు పట్టి లాగితే నిజంగా కూలబడుతుంది, ఆ బరువు మొదటిదాంట్లో లేదు. మంత్రగాళ్లు మెటియోరాన్ మంత్రంతో రప్పించే ఉల్కలు పడుతుంటే కుర్చీలోంచి లేచి చూస్తాం. మరి చేతిలో ఏముంది? మొదటి భాగంలో చాలా క్లాసులకు, అంటే మన పాత్రకు ఎంచుకునే వృత్తులకు, ఆరు నైపుణ్యాలు ఒకేసారి వాడుకునే వీలుండేది, ఒక ఆయుధానికి మూడు, ఇంకో ఆయుధానికి మూడు. స్ట్రైడర్ అంటే బాకులూ విల్లూ రెండూ వాడేవాడు, దగ్గరికొస్తే పొడుస్తాడు, దూరమైతే బాణమేస్తాడు. రెండోదాంట్లో వాడిని రెండు ముక్కలు చేశారు, బాకులు దొంగకు, విల్లు విలుకాడికి, ఇద్దరికీ నాలుగేసి నైపుణ్యాలు. అన్ని ఆయుధాలూ వాడగలిగే వార్‌ఫేరర్ చివర్లో దొరుకుతాడు, వాడికీ అవే నాలుగు గళ్లు, అందులో ఒకటి ఆయుధం మార్చడానికే పోతుంది. మొదటిదాంట్లో తొమ్మిది క్లాసులు, ఇందులో పది అని లెక్క చెప్పి పెరిగిందంటారు గానీ, పెరిగింది లెక్క, తగ్గింది చేతి స్వేచ్ఛ. ఈటెతోపాటు మంత్రాలూ వాడే మిస్టిక్ స్పియర్‌హ్యాండ్ ఒక్కడు మాత్రం నిజంగా కొత్త సరుకు, ఎంత ఆడినా విసుగు రాలేదు.

శత్రువుల సంగతి ఇంకా బాధ. మొదటి కొన్ని ఊళ్ల మధ్య గోబ్లిన్లు, బల్లి మనుషులు, హార్పీలు కనపడితే సరదాగానే ఉంటుంది. బట్టాల్ దేశం వైపు వెళ్లినా అవే రంగు మార్చుకుని వస్తాయి. మొదటి భాగంలో మనం తలలు నరికిన హైడ్రా ఇందులో లేదు, కాకట్రైస్ లేదు, ఈవిల్ ఐ లేదు. మెడూసా, డుల్లహాన్, టాలోస్ లాంటి పెద్ద శత్రువులు వచ్చారు నిజమే, కాకపోతే రోడ్డు మీద రోజూ ఎదురయ్యేది వాళ్లు కాదు కదా. పైగా మన లెవెల్ నలభై దాటాక ఏదీ గట్టిగా నిలబడదు. కష్టం పెంచే హార్డ్ మోడ్ డార్క్ అరైజెన్‌లో ఉంది, రెండోది విడుదలైనప్పుడు అందులో లేదు. మళ్లీ మొదటి నుంచి న్యూ గేమ్ ప్లస్ ఆడినా శత్రువులు అలాగే ఉంటారు, మనం మాత్రం కొండలా పెరిగిపోయి ఉంటాం. ఇంత అందమైన రోడ్లు వేసి, వాటి మీద భయపెట్టేవాడిని పెట్టకపోతే ఎలా?

బిట్టర్‌బ్లాక్ దీవి ఆడినవాళ్లకు నా కడుపుమంట అర్థమవుతుంది. డార్క్ అరైజెన్‌లో వచ్చిన ఆ దీవి పేరుకే దీవి, మొత్తం నేల కింద మెట్లు దిగుతూ పోయే గుహలు. మనం ఎవరితోనో కొట్టుకుంటుంటే గోడ వెనక నుంచి ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో పెద్ద కొడవలి పట్టుకుని మృత్యువు తేలుతూ వస్తుంది. పేరే డెత్. ఒక్క వేటు తగిలితే అంతే, లెవెల్ ఎంతున్నా సరే. మొదటిసారి దాన్ని చూసి పారిపోతాం, పదోసారి కొంచెం నిలబడి నాలుగు బాణాలేసి పారిపోతాం, దానికి పడిన దెబ్బలు అలాగే ఉంటాయి కాబట్టి ఎప్పటికో ఒకరోజు చంపుతాం. అట్టడుగున డైమన్ ఉంటాడు, వాడిని చంపి మళ్లీ దిగితే ఇంకో రూపంలో లేస్తాడు. శాపం పట్టిన ఆయుధాలు దొరుకుతాయి, శుద్ధి చేయించేదాకా అవేంటో తెలియదు. రెండోదాంట్లో గుహలు బోలెడు, అన్నీ చిన్నవి, ఒక పెట్టె, రెండు సాలెగూళ్లు, అయిపోయింది.

కథ రెండింట్లోనూ గొప్పది కాదు. రెండోదాంట్లో వెర్న్‌వర్త్‌లో దొంగ అరైజెన్‌ను గద్దె మీద కూర్చోబెట్టిన కుట్ర, కెప్టెన్ బ్రాంట్ రాత్రిళ్లు రహస్యంగా అప్పగించే పనులు, ఇదంతా ఊరించి, సరిహద్దు దాటగానే హడావిడిగా చుట్టేశారు. ముగింపు ఇంకా చూడనివాళ్లు ఈ పేరా వదిలెయ్యండి. మొదటిదాంట్లో డ్రాగన్ చచ్చాక గ్రాన్ సోరెన్ నగరం నడిమధ్య భూమి కుంగిపోయి ఎవర్‌ఫాల్ అనే అంతులేని గొయ్యి తెరుచుకుంటుంది, దాంట్లో ఇరవై వేక్‌స్టోన్లు (చచ్చినవాళ్లను లేపే రాళ్లు) పోగు చెయ్యాలి, లోపల ఊర్-డ్రాగన్‌ని ప్రపంచంలోని ఆటగాళ్లంతా కలిసి కొడుతుంటారు. రెండోదాంట్లో సముద్రం ఎండిపోతుంది, ఆకాశం ఎర్రబడుతుంది, నిద్రపోయిన ప్రతిసారీ ప్రపంచం ఇంకొంచెం పాడవుతుంది, ఊళ్లను ఖాళీ చేయించాలి. అప్పటిదాకా తెర మీద డ్రాగన్స్ డాగ్మా అని మాత్రమే ఉన్న పేరు పక్కన 2 అన్న అంకె అప్పుడు పడుతుంది. ఆ క్షణం ఒళ్లు గగుర్పొడిచింది, నిజం. కానీ అందులో చేసే పనులు కొన్నే, ఎవర్‌ఫాల్‌లో తిరిగినన్నాళ్లు ఇందులో తిరగలేం.

డ్రాగన్స్‌ప్లేగ్ మీద చాలామంది తిట్టారు. అనుచరుడికి ఆ జబ్బు పట్టి మనం గమనించకుండా సత్రంలో పడుకుంటే, తెల్లారేసరికి ఊరంతా శవాలు. తర్వాతి ప్యాచ్‌లో దాన్ని తగ్గించి, లక్షణాలు బాగా తెలిసేలా చేశారు. నాకు మాత్రం మొదటి రూపమే నచ్చింది. పైడిరాజు మాట తీరు కాస్త దురుసుగా అనిపించి, కళ్లలోకి చూస్తే ఎరుపు కనపడిన రోజు, వాడిని ఎత్తుకుని నీళ్లలోకి విసిరేయాల్సి వచ్చింది. మళ్లీ పిలిస్తే శుభ్రంగా వస్తాడు, అయినా ఆ విసరడం మనసుకు పట్టింది.

పీసీ గురించి సూటిగా చెప్తాను. మొదటిది పాత ల్యాప్‌టాప్ మీద కూడా పరుగెడుతుంది, బావ దాన్ని అలాగే ఆడాడు. రెండోదానికి గ్రాఫిక్స్ కార్డు కంటే ప్రాసెసర్ ముఖ్యం. ఊళ్లో మనుషులందరి కదలికలనూ లెక్క కడుతూ ఉంటుంది కాబట్టి, బయట అడవిలో బాగా ఆడే సిస్టమ్ వెర్న్‌వర్త్ సంతలోకి రాగానే నీరసపడుతుంది, ప్యాచ్‌ల తర్వాత కొంత నయం. అనుచరులను మార్చుకోవడానికి నెట్ ఉంటే చాలు, పెద్ద స్పీడ్ అక్కర్లేదు. మా దగ్గర ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, ఈ ఆటలో ఒక్కటే సేవ్, రెండు భాగాల్లోనూ అంతే. యూపీఎస్ లేనివాళ్లు పెద్ద పోరుకు ముందు సత్రంలో పడుకుని వెళ్లండి, రెండోదాంట్లో ఆ సత్రం సేవ్ మాత్రం విడిగా ఉంటుంది. విడుదల రోజున డబ్బులకు అమ్మిన వస్తువుల మీద పెద్ద రగడ జరిగింది. అవి దాదాపు అన్నీ ఆటలో దొరికేవే, నేను ఒక్క రూపాయి పెట్టలేదు, అవసరమూ పడలేదు. పూర్తి ధర పెట్టి కొన్న ఆటలో ఆ దుకాణం తెరవడం మాత్రం తప్పే.

ఏది ముందు ఆడాలని అడిగితే, సిస్టమ్ గట్టిదైతే రెండోదాంతో మొదలుపెట్టండి. కథకు కథ సంబంధం లేదు, ఆ రోడ్ల రుచి కొత్తలోనే బాగా తెలుస్తుంది. చాలనిపించిన చోట ఆపేసి మొదటిదాంట్లోకి రండి, సేల్‌లో చాలా తక్కువకే వస్తుంది. అక్కడ ఆట మొదలయ్యే ఊరు కసార్డిస్ రేవులో రాత్రిపూట ఓల్రా అనే ఆవిడ నిలబడి ఉంటుంది, బిట్టర్‌బ్లాక్‌కి తీసుకెళ్లేది ఆవిడే. మొదటి లెవెల్లో వెళ్లినా కాదనదు. యాభై దాటేదాకా ఆవిడ వెంట వెళ్లకండి.