నర్సింగ్ విద్యార్థులకు అనీరాయిడ్ బీపీ సెట్: ఒక సమీక్ష

నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల మొదటి సంవత్సరంలో రక్తప్రసరణ పాఠం మొదలుకాగానే విద్యార్థులు బీపీ మిషన్ ఏది కొనాలని అడుగుతుంటారు. ఇంట్లో పెద్దవాళ్లకు వాడే డిజిటల్ మిషన్ ఉండగా మరొకటి ఎందుకన్నది వారి సందేహం. ప్రాక్టికల్స్ కోసం హైదరాబాదు కోఠిలోని ఒక సర్జికల్ దుకాణంలో వెయ్యి రూపాయల లోపు ధరకు కొన్న అనీరాయిడ్ (పాదరసం లేని, డయల్ ఉన్న) సెట్లను ఒక విద్యా సంవత్సరం పొడవునా వాడించిన మీదట నా అభిప్రాయం చెబుతున్నాను. ఇంట్లో రోజూ బీపీ చూసుకోవడానికి డిజిటల్ మిషనే అనువైనది. రక్తపోటు ఎలా పుడుతుందో, దానిని ఎలా కొలుస్తారో నేర్చుకోవలసిన విద్యార్థి మాత్రం అనీరాయిడ్ సెట్టే కొనాలి.

జిప్పు సంచిలో గుండ్రని డయల్, చేతికి చుట్టే కఫ్, రబ్బరు గొట్టాలు, గాలి బల్బు, ఒక స్టెతస్కోపు ఉంటాయి. ఇందులో పాదరసం ఉండదు. గాలి ఒత్తిడికి డయల్ లోపలి పలుచని లోహపు డొల్ల ఉబ్బి, చిన్న పళ్ల చక్రాల ద్వారా ముల్లును తిప్పుతుంది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం తరువాత పాదరసపు పరికరాలు ఆసుపత్రుల నుంచి క్రమంగా తొలగిపోతున్నందున, విద్యార్థులు రేపు వార్డులో చూడబోయేది కూడా చాలావరకు ఇటువంటి డయలే.

ఈ సెట్టుతో బీపీ చూసే పద్ధతిలో రెండు అంచెలున్నాయి. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచ్చి చేతికి కఫ్ చుట్టి గాలి నింపుతూ, మణికట్టు దగ్గర నాడి ఎక్కడ ఆగిపోతుందో వేలితో తెలుసుకుని సిస్టోలిక్ పీడనాన్ని (గుండె సంకోచించినప్పటి పై అంకెను) అంచనా కట్టాడు. ఆ పద్ధతిలో డయాస్టోలిక్ పీడనం (గుండె వదులైనప్పటి కింది అంకె) చిక్కేది కాదు. 1905లో రష్యా శస్త్రవైద్యుడు నికొలాయ్ కొరొట్కోవ్ మోచేతి మడత దగ్గర స్టెతస్కోపు పెట్టి వినవచ్చని చూపడంతో ఆ లోటు తీరింది. ఈనాటికీ మేము విద్యార్థుల చేత ముందు వేలితో నాడి పట్టించి, అది ఆగిన చోటికి పైన మరో 20 నుంచి 30 మిల్లీమీటర్ల (రక్తపోటును పాదరసపు మిల్లీమీటర్లలోనే చెబుతారు) వరకు గాలి నింపించి, ఆ తరువాతే స్టెతస్కోపు పెట్టిస్తాము. కొందరు రోగులలో శబ్దాలు నడుమ కొంతసేపు మాయమై మళ్లీ వినిపిస్తాయి కనుక, మొదటి అంచె వదిలేస్తే సిస్టోలిక్ చాలా తక్కువగా నమోదయ్యే ప్రమాదం ఉంది.

కఫ్ పీడనం సిస్టోలిక్ కంటే ఎక్కువగా ఉన్నంతసేపు చేతి ధమని పూర్తిగా మూసుకుపోయి ఏ శబ్దమూ రాదు. గాలి నెమ్మదిగా వదులుతుండగా, గుండె సంకోచించినప్పుడు మాత్రమే రక్తం ఇరుకు సందులోంచి దూసుకువచ్చి టక్ టక్ మని వినిపిస్తుంది. కాలువలో నిశ్శబ్దంగా పారే నీరు తూము దగ్గర హోరెత్తినట్లే ఇదీను. మొదటి శబ్దం సిస్టోలిక్. పీడనం మరింత తగ్గి ధమని ఎప్పుడూ తెరిచే ఉండే స్థితికి రాగానే ప్రవాహం మళ్లీ సాఫీగా మారి శబ్దం ఆగిపోతుంది, అదే డయాస్టోలిక్. డిజిటల్ మిషన్ ఈ శబ్దాలు వినదు. అది కఫ్‌లోని కంపనాల తీవ్రతను బట్టి సగటు పీడనాన్ని గుర్తించి, మిగిలిన రెండు అంకెలను తనదైన లెక్కతో రాబడుతుంది. ఫలితం అంకెల్లో కనబడుతుంది గాని, అది ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థికి బోధపడదు.

కొత్తవారు తరచూ పొరబడే చోటొకటి ఉంది. శబ్దం వినబడకముందే డయల్ ముల్లు చిన్నగా ఎగిరిపడడం మొదలవుతుంది, వారు ఆ అంకెనే సిస్టోలిక్‌గా రాసేస్తారు. అది కఫ్ పై అంచుకు తగిలే నాడి కొట్టుడు మాత్రమే. కంటిని కాక చెవిని నమ్మడం అలవాటయ్యేదాకా పక్కన నిలబడి సరిదిద్దవలసిందే.

ఈ సెట్టు విలువ నాకు ఎక్కువగా తెలిసివచ్చింది చిన్న చిన్న ప్రయోగాలలో. చేతిని గుండె మట్టంలో బల్ల మీద ఉంచి ఒకసారి, కిందికి వేలాడదీసి మరొకసారి చూస్తే, ప్రతి 10 సెంటీమీటర్ల తేడాకూ సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు మారుతుంది. ఓపీలో చేతిని గాలిలో ఉంచి బీపీ చూడకూడదని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క ప్రయోగంతో ఎక్కుతుంది. పడుకున్నవారిని నిలబెట్టి చూసినప్పుడు నాడి వేగం పెరగడమూ, సిస్టోలిక్ కొద్దిగా తగ్గి నిలదొక్కుకోవడమూ కనిపిస్తాయి. మెడలోని కెరోటిడ్ సైనస్ (మెడ ధమనిలోని చిన్న ఉబ్బు), మహాధమని వంపు దగ్గరి పీడన గ్రాహకాలు చేసే పని అది. నిలబడిన మూడు నిమిషాల లోపల సిస్టోలిక్ 20 గాని డయాస్టోలిక్ 10 గాని అంతకుమించి గాని పడిపోతే వైద్యుడికి తెలియజేయాలని ఇక్కడే చెప్పేస్తే వారికి గుర్తుండిపోతుంది.

లోపాలూ తక్కువేమీ కాదు. సెట్టుతో ఇచ్చే స్టెతస్కోపు నాసిరకం. చెవి బిళ్లలు గుచ్చుకుంటాయి, ఫ్యాను కింద కూర్చుంటే చివరి శబ్దాలు దొరకవు. సెకనుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల చొప్పున గాలి వదలాలని నేర్పుతాము గాని, కొత్తలో వాల్వు స్క్రూ బిగుసుకుని ఉండి ఒక్కసారిగా జారుతుంది, ముల్లు 150 నుంచి 120కి దూకి మొదటి శబ్దం తప్పిపోతుంది. కొంతకాలం వాడాక అది సర్దుకుంది. డయల్ సంగతి అలా కాదు. ఒక్కసారి కింద పడినా కొలత తప్పవచ్చు, గాలి పూర్తిగా తీసినప్పుడు ముల్లు సున్నా దగ్గర ఆగకపోతే దానితో బీపీ చూడకూడదు. సున్నా దగ్గర ఆగినంత మాత్రాన పై అంకెలన్నీ సరైనవని కూడా అనుకోకూడదు కనుక, ఏడాదికొకసారైనా నమ్మకమైన పరికరంతో సరిచూడాలి.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది కఫ్. సెట్టుతో వచ్చేది సాధారణంగా 27 నుంచి 34 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోయేది. ఇంటర్ ముగించి వచ్చే బక్కపలుచని అమ్మాయిలలో చాలామందికి అది మరీ పెద్దదై బీపీ అసలుకన్నా తక్కువగా వస్తుంది. లావుపాటి చేతికి అదే కఫ్ చుడితే ఎక్కువగా వస్తుంది. కొనేటప్పుడు ముల్లు సున్నాను చూసి, 22 నుంచి 26 సెంటీమీటర్ల చిన్న కఫ్ విడిగా అదే గొట్టానికి అమరుతుందో లేదో దుకాణంలోనే తగిలించి చూసుకుని మరీ డబ్బు ఇవ్వండి.