సెంటినెల్-1 డేటాకి స్నాప్ బాగుంటుంది, పైథాన్ దగ్గరే జాగ్రత్త

యూరోపియన్ స్పేస్ ఏజెన్సీ ఉచితంగా ఇచ్చే స్నాప్ సాఫ్ట్‌వేర్, సెంటినెల్-1 ఉపగ్రహాలు తీసే రాడార్ ఇమేజ్‌ల పనికి నాకు బాగా నచ్చింది. కాలిబ్రేషన్ (సిగ్నల్ విలువలు సరిచేయడం), స్పెకిల్ ఫిల్టర్ (చుక్కల నాయిస్ తగ్గించడం), టెర్రైన్ కరెక్షన్ (ఎత్తుపల్లాల వల్ల వచ్చే వంకరలు సరిచేయడం) అన్నీ ఒకే చోట ఉంటాయి, చివర్లో వరద నీరు నల్లగా తేలి కనిపిస్తే పడ్డ కష్టమంతా మర్చిపోతాం. పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో కలపడానికే నాకు రెండు రోజులు పట్టింది. నా లాప్‌టాప్‌లో ఉన్న పైథాన్ మరీ కొత్తది, పైగా పాత ట్యుటోరియల్ చూసి స్నాపీ (స్నాప్‌ని పైథాన్‌లో వాడే మాడ్యూల్) అని ఇంపోర్ట్ చేస్తూ కూర్చున్నా, స్నాప్ 10 నుంచి ఆ మాడ్యూల్ పేరు ఈఎస్ఏ_స్నాపీ. కొండా అనే టూల్‌లో (పైథాన్ వెర్షన్లు విడివిడిగా పెట్టుకునేది) పాత పైథాన్‌తో విడిగా ఒక ఎన్విరాన్‌మెంట్ పెట్టి, దాని పాత్ ఇచ్చి కాన్ఫిగర్ చేస్తే దారిలో పడింది. మెమరీ ఎర్రర్ వస్తే జీపీటీ.వీఎంఆప్షన్స్ ఫైల్‌లో (ఈ జీపీటీ చాట్‌బాట్ కాదు, స్నాప్ కమాండ్ లైన్ టూల్) ఎక్స్ఎమ్ఎక్స్ (వాడుకోగల గరిష్ఠ మెమరీ) విలువ పెంచండి. ర్యామ్ 16 జీబీ ఉంటే మేలు, 8తో టెన్షనే.