రీఫ్ ట్యాంకులో జిగురు పాచి: పీల్చెయ్యాలా, పొడి వెయ్యాలా, చీకటి చెయ్యాలా?

హైదరాబాద్‌లో మా హాల్లో కోరల్స్ (పగడాలు), చేపలు పెంచే 200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, అంటే రీఫ్ ట్యాంకు ఉంది. దానికి రెండేళ్లలో రెండు రకాల జిగురు పట్టింది. మొదట ఎర్రది, తర్వాత గోధుమ రంగుది. ఎర్రదాన్ని వదిలించుకోవడానికి నేను పడ్డ తొందరే గోధుమదాన్ని పిలిచి పీట వేసింది. అందుకే ఏ మందు మంచిదని ఎవరైనా అడిగితే, ముందు మీకు పట్టింది ఏ జిగురో చూశారా అని అడుగుతాను. ఒకదానికి వేసే మందు ఇంకోదానికి మేత.

ఎర్రది సయనోబాక్టీరియా. మనం పాచి అంటాం గానీ ఇది నాచు జాతి కాదు, వెలుతురుతో తిండి వండుకునే బాక్టీరియా. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట భూమి గాలిలో ఆక్సిజన్ నింపింది దీని పూర్వీకులే. అంత పాత కాపుని ఒక డబ్బా పొడితో ఖాళీ చేయించేద్దామని నేను బయల్దేరాను. చూడ్డానికి ముదురు ఎరుపుకీ వంకాయ రంగుకీ మధ్యలో ఉంటుంది, ఇసుక మీద తడి వెల్వెట్ గుడ్డ పరిచినట్టు. గొట్టం పెట్టి లాగితే పాల మీద మీగడలా పొరలు పొరలుగా లేచి వస్తుంది.

గోధుమ రంగుది డైనోఫ్లాజెల్లేట్ అనే ఒంటికణ జీవి, మా వాళ్లం డైనో అంటాం. ఇది పొరలా రాదు. చీమిడిలా తీగలు సాగుతుంది, తీగల కొసల్లో గాలి బుడగలు వేలాడుతుంటాయి. పొద్దున లైటు వెలగకముందు చూస్తే ఇసుక చాలావరకు తెల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ చీమిడి. ట్యాంకులో నత్తలు ఒక్కొక్కటే వెల్లకిలా పడుతుంటే దీన్నే అనుమానించాలి.

మూడోది డయాటమ్, సిలికేట్‌తో పెంకు కట్టుకునే ఒంటికణ నాచు. కొత్త ట్యాంకుల్లో మొదటి నెలల్లో వచ్చే గోధుమ ధూళి, తుడిస్తే పోతుంది. నీళ్లలో ఉన్న సిలికేట్ అయిపోగానే తనే వెళ్లిపోతుంది. తాగే నీళ్ల ఆర్వో మెషీన్ నీటితో ఉప్పు కలిపితే మాత్రం వెళ్లదు. మన ఇళ్లలో ఆ మెషీన్లు రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలిపి 40, 50 టీడీఎస్‌తో వదులుతాయి. రీఫ్‌కి ఆర్వో తర్వాత డీఐ (మిగిలిన లవణాలని కూడా లాగేసే ఫిల్టర్) ఉండి, మీటర్ సున్నా చూపించాలి. దీని గురించి ఇంతకంటే అవసరం లేదు.

ఎర్రదీ గోధుమదీ ఒక్కోసారి ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు చిన్న సీసాలో ట్యాంకు నీళ్లు పట్టి, చిటికెడు జిగురు వేసి, గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడకట్టండి. వడకట్టిన నీళ్లని ఒక గంట లైటు కింద పెట్టండి. మళ్లీ తీగలు కట్టుకుంటే డైనో. నేను పిల్లలకి కొన్న 400 రెట్ల మైక్రోస్కోప్ కూడా వాడాను, వాళ్లకంటే నాకే ఎక్కువ ఉపయోగపడింది. సయనో అయితే ఈదని దారాల్లా ఉంటుంది. డైనోల్లో ఆస్ట్రియోప్సిస్ అనే రకం నీటి బొట్టు ఆకారంలో ఉండి, గుంజకి కట్టిన దూడలా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. ఆంఫిడీనియం రకం కోలగా ఉండి నేరుగా ఈదుకుంటూ పోతుంది. ఈ తేడా తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇక ఎర్రదాని సంగతి. దీనికి మూడు దారులు.

మొదటిది గొట్టంతో పీల్చడం. వినడానికి ఇదీ ఒక వైద్యమేనా అనిపిస్తుంది. ఎయిర్ పంపుకి వాడే సన్న గొట్టం ఒకటి, కింద బకెట్టు. గొట్టం కొసని పొర అంచు కిందికి పోనిచ్చి, ఇసుక రాకుండా వేలితో గొట్టాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటే పొర చుట్టుకుంటూ లోపలికి పోతుంది. ఆదివారం అరగంట, 20 లీటర్ల నీళ్లు. ఆ నీళ్లు పారబోసి కొత్త ఉప్పునీళ్లు పోస్తాం కాబట్టి వారం నీటి మార్పిడి కూడా అందులోనే అయిపోతుంది. కానీ గొట్టం ఒక్కటే చాలదు. జిగురు మొదలైన మూలకి వేవ్‌మేకర్‌ని (ట్యాంకులో నీళ్లని తోసే పంపు) తిప్పాలి, మేత తగ్గించాలి. నేను నాలుగు చేపలకి రోజుకో ఫ్రోజెన్ మైసిస్ క్యూబ్ (గడ్డకట్టించిన చిట్టి రొయ్యల మేత), అదీ కరిగిన నీళ్లతో సహా వేసేవాణ్ని. టీ వడపోసే జాలీలో వేసి కడిగి, సగం క్యూబే వేయడం మొదలుపెట్టాక నాలుగైదు వారాల్లో తేడా తెలిసింది. లోపం ఒక్కటే, ఓపిక కావాలి. రెండో వారంలో ముందుకంటే ఎక్కువైనట్టు కనిపిస్తుంది, టెన్షన్ వస్తుంది, చెయ్యి పొడి డబ్బా మీదికి పోతుంది.

ఆ పొడి రెండో దారి. ఎర్ర జిగురు కోసమే అమ్మే పొడులు ఉన్నాయి. నేను వాడినదాని మీద రాసిన పద్ధతి ఇది: సుమారు 38 లీటర్లకి ఒక చిన్న స్కూపు, 48 గంటలు ఆగడం, ఆ రెండు రోజులూ స్కిమ్మర్ (నురగ కట్టించి మురికి లాగే పరికరం) కప్పు తీసేసి ఎయిర్ స్టోన్‌తో గాలి బుడగలు వదలడం, చివర 20 శాతం నీళ్లు మార్చడం. నేను కప్పు తియ్యలేదు. చదవలేదని కాదు, ఏమవుతుందిలే అనుకున్నాను. రాత్రి రెండింటికి క్యాబినెట్ తలుపు సందుల్లోంచి నురగ బయటికొచ్చి సోఫా కింద దాకా పాకింది. స్కిమ్మర్ సబ్బు నీళ్లు పోసినట్టు పొంగుతూనే ఉంది. ఉప్పునీళ్లు టైల్స్ మీద ఆరితే ఎలా ఉంటుందో మా ఆవిడ ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది.

ఫలితం చెప్పకపోతే అన్యాయం అవుతుంది. రెండో రోజు సాయంత్రానికి వెల్వెట్ మొత్తం మాయం, ఇసుక కొత్తది పోసినట్టు. మూడు దారుల్లో ఇంత వేగంగా పనిచేసేది ఇంకోటి లేదు. కానీ చచ్చిన జిగురు నీళ్లలోనే కుళ్లి ఆక్సిజన్ తినేస్తుంది. ఎండాకాలం, నీళ్లు వేడిగా ఉండి, పైన కరెంటు పోతే తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తాయి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఇంట్లో లేకుండా ఈ పొడి జోలికి వెళ్లొద్దు. ఆరు వారాలకి అదే మూలలో, అదే రాయి పక్కన, అదే ఎర్ర మచ్చ మళ్లీ కనిపించింది. అప్పటికి నేను మేత మార్చలేదు, వేవ్‌మేకర్ తిప్పలేదు. మచ్చ మాత్రం ఎందుకు మారాలి?

పొడి దొరకనివాళ్లు ఎరిత్రోమైసిన్ మాత్రలు నూరి వేస్తుంటారు. నా ఓటు దానికి లేదు. అది మనుషుల యాంటీబయాటిక్. నీటి మార్పిడితో పాటు నేరుగా డ్రైనేజీలోకి పోతుంది, రాళ్లలో ఉన్న మంచి బాక్టీరియాని కూడా దెబ్బ తీయొచ్చు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా అక్కయ్యగారి ఆయన ఈ సంగతి విని, "మేం అలా చేస్తే కంటైనర్ విదేశం నుంచి వెనక్కి తిరిగొస్తుందయ్యా" అన్నారు.

మూడోది చీకటి. ట్యాంకు చుట్టూ నల్ల ప్లాస్టిక్ కవరో మందపాటి దుప్పటో కట్టి మూడు రోజులు లైటు ఆపేయడం. మెత్తటి కోరల్స్‌కి, చాలా రకాల ఎల్పీఎస్‌కి (పెద్ద పాలిప్‌లుండే గట్టి కోరల్స్) మూడు రోజులు పెద్ద లెక్క కాదు. ఆక్రోపోరాలు అనే సున్నితమైన కోరల్స్ ఉంటే కాస్త ఆలోచించాలి. ఖర్చు లేదు, కానీ ఇది తలనొప్పికి మాత్ర లాంటిది. వెలుతురు రాగానే జిగురూ వస్తుంది. కవరు కట్టేముందు గొట్టంతో పీల్చేసి, తర్వాత మేత సర్దుకుంటేనే ఆ మూడు రోజులకి విలువ.

హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా కొందరు వేస్తారు. విదేశీ లెక్కల్లో 38 లీటర్లకి రోజుకి 1 ఎం.ఎల్. అని ఉంటే అది 3 శాతం మందుకి. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం, కాబట్టి సగమే వెయ్యాలి. క్లీనర్ ష్రింప్ ఉన్న ట్యాంకులో నేనైతే అసలు వెయ్యను, వాటికి పడదు.

కాబట్టి ఎర్రదానికి నా వరస: గొట్టం, వేవ్‌మేకర్, మేత, నాలుగైదు వారాలు. అప్పటికీ కోరల్ మీదికి పాకి దాన్ని చంపేస్తుంటే పొడి, అదీ ఒక్కసారి. చీకటిని ఈ రెండిటికీ తోడుగా పిలవొచ్చు, ఒంటరిగా పనికిరాదు.

అప్పట్లో నేను ఇలా చెయ్యలేదు. రెండోసారి ఎర్ర మచ్చ కనిపించగానే పోషకాలే లేకుండా చేద్దామని ఫాస్ఫేట్ పీల్చే గుళికలు దండిగా వేశాను, స్కిమ్మర్ వేగం పెంచాను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. టెస్ట్ కిట్ ట్యూబు ఫొటో తీసి దాచుకున్నాను కూడా. ఎర్రది పోయింది. మూడు వారాలకి చీమిడి తీగలు.

అప్పుడే పెళ్లి పని మీద బావగారు హైదరాబాద్ వచ్చారు. "చూడండి బావగారూ, నీళ్లు అద్దంలా ఉన్నాయి, అయినా ఈ దరిద్రం పట్టింది" అన్నాను. ఆయన వంగి చూసి, "అదేనయ్యా నీ రోగం. చెరువులో నీళ్లకి రంగు లేకపోతే మాకు నిద్ర పట్టదు. 30, 40 సెంటీమీటర్ల లోతు వరకే కనపడాలి. అడుగు కనిపించిందంటే అడుగున నాచు లేచిందన్నమాటే" అన్నారు.

చెరువూ రీఫూ ఒకటి కావు, మనకి నీళ్లు తేటగానే ఉండాలి. కానీ ఆయన పట్టుకున్న సూత్రం సరైనదే. నీళ్లలో పోషకం బొత్తిగా లేకపోతే మామూలు నాచులూ మంచి బాక్టీరియా పస్తులుంటాయి. ఆ ఖాళీలో నిలదొక్కుకునేది డైనో. ఎర్రదానికి మంచిదైన నీటి మార్పిడి కూడా దీనికి కలిసొస్తుంది, కొత్త ఉప్పుతో వచ్చే ఖనిజాలు దానికి బలం. అందుకే డైనో ఉన్నప్పుడు గొట్టంతో పీల్చిన నీళ్లని పారబోయకుండా, సన్నటి 5 మైక్రాన్ల సాక్‌లో (వడపోత సంచి) వడకట్టి అవే నీళ్లు తిరిగి పోయాలి. గుళికలు తీసేయాలి, నైట్రేట్‌ని 5 నుంచి 10 పీపీఎంకి, ఫాస్ఫేట్‌ని 0.05 నుంచి 0.1కి తేవాలి. నేను పొటాషియం నైట్రేట్ కరిగించి కొలిచి పోశాను. ఇది రెండు రకాల డైనోకీ పునాది.

పునాది మీద ఏం కట్టాలన్నది మైక్రోస్కోప్ చెబుతుంది. గిరగిరా తిరిగే ఆస్ట్రియోప్సిస్ రాత్రిళ్లు ఇసుక వదిలి నీళ్లలోకి లేస్తుంది. దానికి యూవీ స్టెరిలైజర్ని (నీళ్లని అతినీలలోహిత దీపం పక్కనుంచి పోనిచ్చే పరికరం) మించింది లేదు. 11 లీటర్లకి ఒక వాట్ చొప్పున నా ట్యాంకుకి 18 వాట్లది కొన్నాను. దాన్ని సంప్‌లో (కింద ఫిల్టర్ సామాన్లుండే తొట్టి) పెట్టొద్దు. చేపలుండే ట్యాంకులోంచే నీళ్లు లాగి అందులోకే వదలాలి, గంటకి ట్యాంకు నీళ్లు రెండుసార్లు తిరిగేలా. మొదటి మూడు రోజులు చీకటి కూడా తోడు ఇచ్చాను. చీకటి నిజంగా పనికొచ్చింది ఇక్కడే. వారంలో తీగలు తెగిపోయాయి.

ఆంఫిడీనియం అయితే ఆ డబ్బులు వృథా. అది రాత్రి ఇసుకలోకి దిగి పడుకుంటుంది, యూవీ దాకా రాదు. దానికి దారి సోడియం సిలికేట్ కొద్దికొద్దిగా పోసి డయాటమ్‌లని పెంచడం. అవి ఇసుకని ఆక్రమించి డైనోకి చోటు లేకుండా చేస్తాయి. సిలికేట్ తీసెయ్యడానికే డీఐ కొని, మళ్లీ మన చేత్తోనే సిలికేట్ పోయడం! వారాలు పడుతుంది, ఇసుక గోధుమగానే ఉంటుంది, చూసినవాళ్లకి మీరు ఓడిపోయినట్టే కనిపిస్తుంది. అయినా ఆ రకానికి యూవీ కంటే ఇదే మేలు.

ఒక జాగ్రత్త. డైనోల్లో కొన్ని విషం వదులుతాయి. అవి ఉన్న ట్యాంకులో చేతులు పెట్టేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ విషాన్ని పీల్చే ఫిల్టర్ కార్బన్ తరచూ మార్చండి. 2005లో ఇటలీలోని జెనోవా తీరంలో ఆస్ట్రియోప్సిస్ విజృంభిస్తే, ఆ సముద్రపు గాలి పీల్చిన దాదాపు 200 మంది ఆసుపత్రులకి వెళ్లాల్సి వచ్చింది. మన ట్యాంకులో ఉండేది ఆ కుటుంబానిదే.

ఇప్పుడు నా నైట్రేట్ 8 దగ్గర, ఫాస్ఫేట్ 0.07 దగ్గర ఉంది. వెనక రాయి నీడలో, వేవ్‌మేకర్ తోసే నీళ్లు సరిగ్గా తగలని చోట, రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ ఉంది. ఆదివారం ఆదివారం గొట్టంతో లాగేస్తాను, శనివారానికి మళ్లీ రూపాయి బిళ్లంత అవుతుంది. రెండు రూపాయలంత కానివ్వను. పొడి డబ్బాలో ఇంకా ముప్పావు మిగిలే ఉంది.