కోచింగ్‌కు నాలుగు నక్షత్రాలు, నోటికి రెండు

మా అబ్బాయి చేరిన క్రికెట్ అకాడమీ ఎలా ఉందని పటమట, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల తల్లులు నన్ను అడుగుతూనే ఉంటారు. జాకెట్ కుట్టించుకోవడానికి నా దుకాణానికి వచ్చి, నేను కొలతలు తీస్తూ ఉండగానే "బాగా నేర్పుతున్నారా అండీ?" అని మొదలుపెడతారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. అకాడమీ పేరు మాత్రం రాయను. అక్కడ ఉన్నది ఒకే కోచ్. పేరు రాస్తే సమీక్ష కాస్తా ఆ మనిషి మీద ఫిర్యాదు అయిపోతుంది.

ముందు నేర్పే తీరు. దీనికి వంక పెట్టలేను. సిమెంటు పిచ్‌ల మీద మ్యాట్ పరిచిన నెట్‌లు ఉన్నాయి, పక్కనే ఒక టర్ఫ్ వికెట్ ఉంది. బౌలింగ్ యంత్రం కూడా ఉంది గానీ కోచ్ దాని జోలికి పెద్దగా పోరు. మోకాలికి పట్టీ కట్టుకుని తానే బంతులు విసురుతారు. ఆయన పద్ధతి ఒకటి నాకు చాలా నచ్చింది. ముందు కాలు ఎక్కడ పడాలో అక్కడ మ్యాట్ మీద ముగ్గుపొడితో చిన్న గడి గీస్తారు. బంతి ఆడాక పిల్లవాడి బూటు అడుగు చూస్తారు. పొడి అంటితే సరే. అంటకపోతే, బంతి బౌండరీకి వెళ్లినా సరే, "కాలు రాలేదు, మళ్లీ" అంటారు. ఇదివరకు మావాడు నిలబడ్డచోట నిలబడి బ్యాటు ఊపేవాడు. ఇప్పుడు కాలు ముందు కదిలి, ఆ తర్వాత బ్యాటు వస్తోంది. ఇంట్లో వసారాలో కూడా ముగ్గు గీసుకుంటున్నాడు. సంక్రాంతి కాని రోజుల్లో ఆ ముగ్గేమిటని పనిమనిషి అడుగుతోంది.

వేసవిలో ఉదయం బ్యాచ్ 5:45కు మొదలవుతుంది. ఎండ ముదరకముందే నెట్‌లు ఖాళీ చేయిస్తారు. మే నెల బెజవాడలో ఈ జాగ్రత్త చిన్నది కాదు. ఇంతకుముందు మేము చూసిన ఇంకో చోట తొమ్మిదింటికి కూడా పిల్లలను పరిగెత్తిస్తున్నారు. కిట్ మా దగ్గరే కొనాలన్న ఒత్తిడి లేదు. లెదర్ బంతి వెంటనే చేతికివ్వరు, మొదట సింథటిక్ బంతితోనే ఆడిస్తారు. హెల్మెట్ లేనివాడిని నెట్‌లోకి రానివ్వరు. నెలకు రూ. 2,500 ఫీజు ఎక్కువేమీ కాదు.

సౌకర్యాల సంగతి అంతంతమాత్రం. తల్లులు కూర్చోవడానికి ఒక్క బల్ల లేదు, గోడ నీడే గతి. మరుగుదొడ్డి ఒకటుంది, దానికి గడియ లేదు. ఆడపిల్లలను చేర్చాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 2016లో భారత, వెస్టిండీస్ మహిళల జట్లు ఇక్కడి మూలపాడులో ఆడాయి. అలాంటి ఊళ్లో ఆడపిల్లలు క్రికెట్‌కు రారని ఇంకా ఎలా అనుకుంటారో!

ఇక ఆ రెండు నక్షత్రాల కథ.

మావాడు నలుపు. మర్యాదకు చామనఛాయ అంటారే, అది కాదు, నలుపే. వాళ్ల నాన్న పోలిక. మా ఆయనకు ఆటోనగర్‌లో లేత్ పని. వాడి పన్నెండో పుట్టినరోజుకు ఆయన ఇంగ్లిష్ విల్లో బ్యాటు కొన్నారు. అప్పటిదాకా వాడిది కాశ్మీర్ విల్లో. రెండింటినీ పక్కపక్కన పెడితే ఆట తెలియనివాళ్లకు కూడా తేడా కనిపిస్తుంది. కాశ్మీరు చెక్క కొంచెం గోధుమ రంగులో ఉంటుంది, ఇంగ్లిష్ చెక్క తెల్లగా, నిలువు చారలతో ఉంటుంది. కొత్త బ్యాటును నేరుగా ఆటకు తీసుకుపోకూడదు. అవిసె నూనె పలచగా రాసి ఆరబెట్టాలి, తర్వాత చెక్క సుత్తితో అంచుల నుంచి మొదలుపెట్టి ఓపికగా కొట్టాలి. అలా గట్టిపరచకపోతే లెదర్ బంతి తగిలి చెక్క పగులుతుంది. తండ్రీ కొడుకులు ఇద్దరూ రోజూ రాత్రి భోజనాలయ్యాక డాబా మీద టకటకలాడించారు. కింది వాటావాళ్లు పైకి వచ్చి అడిగేదాకా సాగింది ఆ పని.

బ్యాటు సిద్ధమయ్యాక అకాడమీకి తీసుకెళ్లాడు. కోచ్ చేతిలోకి తీసుకుని, బంతితో తట్టి చూసి, చెవి దగ్గర పెట్టుకుని మోత విన్నారు. బాగుందన్నట్టు తల ఊపారు. ఆ తర్వాత బ్యాటు వంకా మావాడి చేతుల వంకా చూసి నవ్వుతూ, "కాకి ముక్కుకు దొండపండు అంటే ఇదేరా" అన్నారు.

పిల్లలందరూ నవ్వారు. మావాడూ నవ్వాడు. గోడ నీడలో ఉన్న నాకు ఆ మాట స్పష్టంగా వినిపించింది. మంచినీళ్ల విరామం వచ్చేసరికి వాడి పేరు 'కాకి' అయింది. ఆ వారంలోనే వాడు నెట్‌లోకి అడుగుపెడితే వెనకనుంచి కావు కావుమని అరవడం మొదలైంది. మే నెలలో మావాడు నిండు చేతుల చొక్కా అడిగాడు. ఎండకు కమిలిపోతున్నానన్నాడు. అదివరకు చేతుల్లేని బనీనుతో తిరిగినవాడు! కొత్త బ్యాటు సంచిలోనే పెట్టి పాత కాశ్మీర్ బ్యాటు తీశాడు. అప్పుడు వెళ్లాను కోచ్ దగ్గరికి.

"అయ్యో, అది పాత సామెత అమ్మా. మా నాయనమ్మ రోజుకు పదిసార్లు అనేది. బ్యాటు ఖరీదైనది, వీడు ఇంకా నేర్చుకోవాలి అనే ఉద్దేశంతో అన్నాను. రంగు గురించి నేనెందుకు అంటాను, నన్ను చూడండి" అని తన చెయ్యి చాపారు. నిజమే, ఆయన మావాడికన్నా ఒక పాలు నలుపు.

ఆయన అబద్ధం చెప్పారని అనుకోవడం లేదు. ఆ నోట్లో ద్వేషం లేదు. కానీ ఉద్దేశం గురించి నేను వెతకలేదు. అదే నెట్‌లో ఇంకో పిల్లవాడు ఉన్నాడు, పసుపు పచ్చటి ఛాయ. వాడి బ్యాటు మావాడి దానికన్నా ఖరీదు, ఆట మావాడికన్నా తక్కువ. వాడు కొత్త బ్యాటు తెచ్చిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. "బ్యాటు గొప్పదే, కాళ్లు కదలాలి నాయనా" అన్నారు కోచ్. విషయం అదే, మందలింపూ అదే, కానీ వాడికి కాకి రాలేదు. సామెత ఎంత పాతదైనా ఎవరిని చూస్తే నోటికి వస్తోందో అక్కడే దాని గుట్టు ఉంది. నల్ల పెళ్లికొడుకు, తెల్ల పెళ్లికూతురు పక్కపక్కన కూర్చున్న పందిట్లో తప్ప ఈ మాట నేను ఎక్కడా వినలేదు. కోచ్ కూడా మరిచిపోయి అన్నారేమో గానీ, పొరపాటున కూడా తెల్లపిల్లవాడిని అనలేదు.

ఇదే ఆయనకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ రోజుల్లో ఏమన్నా తప్పే అయిపోతోంది" అన్నారు. నాకు నచ్చనిది ఈ మాట. నేను జాకెట్ చెడగొట్టి కత్తెర జారిందమ్మా అంటే, గుడ్డ ఖరీదు ఎవరు ఇస్తారు?

మా తమ్ముడు పత్రికలో క్రీడల పేజీ చూస్తాడు. వాడికి చెబితే ఇలాంటివి పెద్ద పెద్ద కోచ్‌లకే జరిగాయన్నాడు. 2013 అక్టోబరులో పోలండ్‌తో మ్యాచ్ విరామంలో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కోచ్ రాయ్ హాడ్జ్‌సన్, బంతిని ఆండ్రోస్ టౌన్‌సెండ్‌కు అందించమని చెప్పడానికి అంతరిక్షంలోకి పంపిన కోతి గురించి ఒక పాత జోక్ వాడారట. టౌన్‌సెండ్ నల్లజాతి మూలాలున్న ఆటగాడు. తనకేమీ బాధ కలగలేదని అతను చెప్పినా, హాడ్జ్‌సన్ క్షమాపణ చెప్పారు. 2021లో అమెరికాలో క్రైటన్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్ గ్రెగ్ మెక్‌డెర్మట్, ఓడిన తర్వాత ఆటగాళ్లతో 'ప్లాంటేషన్' వదిలి ఎవరూ పోకూడదన్నారు. ఒకప్పుడు బానిసలతో చాకిరీ చేయించిన తోటల పేరది. ఆ మాట వినాల్సి వచ్చినవాళ్లలో నల్లజాతి యువకులున్నారు. ఆయన తానే బయటపెట్టి క్షమాపణ చెప్పారు. యూనివర్సిటీ కొన్నాళ్లు పక్కన పెట్టి, మళ్లీ తీసుకుంది. అమెరికా గొడవ బానిసత్వం నుంచి వచ్చింది, మనది అది కాదు. మనది పెళ్లిచూపుల్లో, పౌడరు డబ్బా దగ్గర మొదలయ్యే గొడవ. రెండూ ఒకటేనని నేను అనను. కోచ్ నోటి నుంచి వస్తే మాత్రం రెండూ ఒకలాగే పాకుతాయి, ఎందుకంటే జట్టులో కోచ్ అన్న మాటనే తామూ అనడం మర్యాద అనుకుంటారు పిల్లలు.

డారెన్ శామీ సంగతి మనకు ఇంకా దగ్గరిది. వెస్టిండీస్‌కు కెప్టెన్‌గా చేసిన మనిషి, 2013, 2014లో హైదరాబాద్ ఐపీఎల్ జట్టుకు ఆడాడు. అక్కడ తనను 'కాలూ' (హిందీలో నల్లవాడు) అని పిలిచేవారని, బలమైన గుర్రం అని అర్థం అనుకున్నానని, అసలు సంగతి తర్వాత తెలిసిందని 2020లో చెప్పాడు. ప్రేమతోనే అన్నామని ఒక సహచరుడు చెప్పాడట, శామీ అంతటితో సరిపెట్టుకున్నాడు. ప్రపంచకప్పులు గెలిచిన పెద్దవాడు, సరిపెట్టుకోగలడు. పన్నెండేళ్లవాడు నవ్వేసి నిండు చేతుల చొక్కా అడుగుతాడు.

మా నాన్నతో కలిసి బందరు రోడ్డు ఇందిరాగాంధీ స్టేడియానికి వెళ్లి 2002 నవంబరు 24 నాటి భారత్, వెస్టిండీస్ వన్డే చూశాను. మార్లన్ శామ్యూల్స్ మన బౌలర్లను చితకబాది సెంచరీ చేశాడు. మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడారు. నాన్న ఏడుపు ముఖం పెట్టి కూడా అతని డ్రైవ్‌లకు చప్పట్లు కొట్టారు. ఆ చేతికి ఆ బ్యాటు నప్పిందా లేదా అని చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు మరి.

కోచ్‌కు న్యాయంగా చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. నాతో ఆ రోజు విసుక్కున్నారు గానీ, తర్వాతి వారం పిల్లలను వరసగా నిలబెట్టి, "ఇక్కడ ఎవరిని పిలిచినా పేరుతోనే పిలవాలి. మారుపేర్లు నేను మొదలుపెట్టాను, నేనే ఆపుతున్నాను" అన్నారు. కావు కావుమన్న ఇద్దరిని ఆ పూట ఫీల్డింగ్‌కే పరిమితం చేశారు. మావాడికి మాత్రం విడిగా ఏమీ చెప్పలేదు. ఆయన తరం మగవాళ్లు పన్నెండేళ్ల పిల్లవాడికి క్షమించమని చెప్పడం ఎక్కడా చూడలేదు లెండి. నెట్‌లో అరుపులు ఆగాయి. బయట సైకిళ్ల దగ్గర ఆ పేరు ఇంకా వినిపిస్తోంది. అక్కడిదాకా కోచ్ చెయ్యి చేరదు.

ఆఫీసులో కూర్చునే అతను మాత్రం అన్యాయం. ఇదే సంగతి రాతలో ఇస్తానంటే, "ఇంత చిన్నదానికి కాగితం ఎందుకు మేడమ్, కావాలంటే మిగతా ఫీజు వెనక్కిస్తాం" అన్నాడు. పిల్లవాడిని మాన్పించమని నేను అడిగానా? ఆ ఒక్క మాటకు ఇంకో అర నక్షత్రం తగ్గించవలసింది. కోచ్ ముఖం చూసి వదిలేశాను.

మావాడిని మాన్పించలేదు. మా ఆయన మాన్పిద్దామన్నారు. మావాడు వద్దన్నాడు, ఆ ముగ్గు గడి ఇంకెక్కడ గీస్తారని అడిగాడు. ఇంగ్లిష్ విల్లో బ్యాటు ఇప్పుడు మ్యాచ్‌లకు తీస్తున్నాడు, నెట్‌కు ఇంకా పాతదే.

చేర్చాలనుకునేవాళ్లకు: వేసవిలో అయితే ఉదయం బ్యాచే అడగండి, సాయంత్రం సిమెంటు పిచ్‌లు సెగలు కక్కుతుంటాయి. డబ్బు కట్టేముందు ఒక పూట ఆ గోడ నీడన నిలబడి, కోచ్ ఏ పిల్లవాడితో ఎలా మాట్లాడుతున్నారో వినండి, ఎవరూ వద్దనరు. నీళ్లసీసా ఇంటినుంచి పంపండి. ఫోనులో ఫీజు కట్టినా రసీదు అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వరు.