రోజుకిన్ని పదాలా, ఇన్ని నిమిషాలా, వారానికో సీనా? ప్రేమకథ రాసేవాళ్ళకి ఏది మేలు?

మూడేళ్ళ కిందట ఓ నవంబరులో రోజుకి 1,667 పదాలు రాసి తీరాలని కూర్చున్నాను. ఆ లెక్క నేను పెట్టుకున్నది కాదు. 1999లో శాన్ ఫ్రాన్సిస్కోలో 21 మంది సరదాగా మొదలుపెట్టిన పందెం, నెల రోజుల్లో 50,000 పదాల నవల. నానోరైమో అని పేరు. ఆ తర్వాత ఏటా నవంబరు వస్తే చాలు, ఎక్కడెక్కడివాళ్ళో ఆ పందెం కట్టేవారు. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూసేస్తున్నామని ప్రకటించింది గానీ, ఆ అంకె మాత్రం రాసేవాళ్ళ నోళ్ళలో ఇంకా తిరుగుతూనే ఉంది. 50,000ని 30తో భాగిస్తే 1,667. నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. కథకంటే ముందు నాకా భాగహారమే నచ్చింది.

నవంబరంటే మనకి కార్తీకం. తెల్లవారుజామున స్నానాలు, దీపాలు, ఆదివారమైతే వనభోజనాలు, వీటి మధ్యలో దిద్దాల్సిన పేపర్ల కట్టలు. అయినా పట్టు వదల్లేదు. పదకొండో రోజుకి 14 వేల పదాలు దాటాయి. తీరా చూస్తే మా హీరో ఇంకా బస్టాండులోనే నిలబడి ఉన్నాడు, హీరోయిన్ బస్సు దిగనే లేదు. బస్టాండు గురించి అంత రాయొచ్చని నాకే తెలీదు.

పదాలు లెక్కపెట్టుకోవడంలో మంచి లేదని అనను. ఎప్పుడూ ఒక్క కథ కూడా పూర్తిచేయనివాళ్ళకి అదే మేలు. బాగుందా, బాగాలేదా అనే టెన్షన్ పక్కన పెట్టి చెయ్యి కదులుతుంది. ఆంథొనీ ట్రోలప్ అనే ఇంగ్లీషు నవలాకారుడు తపాలా శాఖలో ఉద్యోగం చేసుకుంటూనే డజన్లకొద్దీ నవలలు రాశాడు. పొద్దున్నే అయిదున్నరకి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 పదాలు లెక్కన రాసేవాణ్ణని ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ కబురు చెప్పేవాళ్ళు ఇంకో ముక్క మాత్రం చెప్పరు. ఆయన్ని ఆ వేళకి లేపడానికి ఓ పనివాడు ఉండేవాడు, అందుకని ఏడాదికి అయిదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. మా ఇంట్లో అయిదున్నరకి అందర్నీ లేపేది నేనే.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషు పదమూ తెలుగు పదమూ ఒకే కొలత కాదు. ‘ఏదో చెప్పాలనుకుంటున్నట్టున్నాడు’ అని రాశాననుకోండి. తెలుగులో రెండే పదాలు. ఇదే మాట ఇంగ్లీషులో చెప్పాలంటే ఏడెనిమిది అవుతాయి. మనం క్రియకి క్రియ అతికించి, చివర ఆడో మగో కూడా తగిలించి, వాక్యమంతా ఒక్క మాటలో చుట్టేస్తాం. మరి వాళ్ళ 1,667 మన దగ్గర ఎంతవ్వాలి? సగమా, ఇంకా తక్కువా? ఆ నవంబరులో నాకిది తట్టలేదు. తట్టకపోగా పాడు అలవాటొకటి పట్టుకుంది. అంకె అందడం లేదని మాటల్ని విరగ్గొట్టడం మొదలుపెట్టాను. ‘ఏదో చెప్పాలని అనుకుంటూ ఉన్నట్టు ఉన్నాడు.’ రెండు పదాలు అయిదయ్యాయి. ఫోను మూల అంకె పెరిగింది, వాక్యం చచ్చింది. డిసెంబరులో ఆ పేజీలు తిరగేస్తే ఎవరో ఇంగ్లీషులోంచి దించినట్టు ఉన్నాయి.

ఆ తర్వాత నిమిషాల వైపు వెళ్ళాను. 1980ల చివర్లో ఫ్రాంచెస్కో చిరిల్లో అనే ఇటలీ ఆయన టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమరు పెట్టుకుని చదువుకునేవాడట. 25 నిమిషాలు పని, అయిదు నిమిషాలు విరామం. పొమొడోరో అంటారు, వాళ్ళ భాషలో టమాటా అనే. ఇది పదాల లెక్క కంటే నయం, ఎందుకంటే అబద్ధం ఆడనక్కర్లేదు. కూర్చున్నామా లేదా, అంతే. కానీ 25 నిమిషాలు ఎవరూ పిలవకుండా ఉండే ఇల్లు కావాలి. మా ఇంట్లో ఆ 25 నిమిషాల్లో కుక్కరు మూడుసార్లు కూస్తుంది, గ్యాస్ అబ్బాయి వస్తాడు, పిల్లాడికి జామెట్రీ బాక్సు కనపడదు. పైగా ప్రేమ సన్నివేశం రాసేటప్పుడు మొదటి పది నిమిషాలూ ఆ ఇద్దరి గొంతులూ చెవిలో పడటానికే సరిపోతాయి. అవి వినపడుతున్నాయి అనుకునేసరికి గంట మోగుతుంది. అందుకే నిమిషాల పద్ధతిని దిద్దుబాటుకి ఉంచుకున్నాను. రాసిందాన్ని చెక్కడానికి అంతకంటే మంచిది లేదు. కొత్తగా రాయడానికి నాకు పనికిరాలేదు.

ఇప్పుడు పాటిస్తున్నది మూడోది, వారానికి ఒక సీను. అది పెద్దదా చిన్నదా అని చూడను. సీను మొదట్లో ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం, సీను చివరికి మారి ఉండాలి. పెరిగినా సరే, తగ్గినా సరే. మారకపోతే అది సీను కాదు, బస్టాండు వర్ణన.

మొన్న వేసవిలో రాసిందొకటి చెప్తాను. ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు. మోకాలి ఆపరేషనైన హీరో వాళ్ళమ్మగారికి వ్యాయామాలు చేయించడానికి రోజూ వస్తుంటుంది. రెండు నెలల పరిచయం, ఇద్దరూ ‘మీరు’ అనే అనుకుంటారు. ఓ సాయంత్రం కరెంటు పోతుంది. అతను సెల్‌ఫోను లైటు పట్టుకుని ముందు దిగుతుంటాడు, ఆమె వెనక. ‘మెట్టు విరిగింది, చూసుకో’ అంటాడు. అంతే సీను. అతని మనసులో ఏముందో నేను ఎక్కడా చెప్పలేదు. కరెంటు రాలేదు, చెయ్యీ చెయ్యీ తగల్లేదు. మొత్తం కలిపి ఒక పేజీ కూడా లేదు, నాలుగు సాయంత్రాలు పట్టింది. పదాల లెక్కలో ఆ నాలుగు రోజులూ నేను ఫెయిల్.

నేను రాసినవన్నీ మా అత్తయ్యే మొదట చదువుతుంది. వారపత్రికల్లో సీరియళ్ళ పేజీలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో దారం కుట్టి పుస్తకాలు చేసుకున్న తరం ఆవిడది. కళ్ళజోడు పైకి తోసుకుంటూ అడిగింది.

“అమ్మాయ్, వీడు ‘చూసుకో’ అన్నాడేంటి? నిన్నటిదాకా ‘అండి’ అనేవాడుగా?”

“అచ్చుతప్పు కాదత్తయ్యా.”

“కాదని తెలుస్తూనే ఉంది. ఆ పిల్ల ఏమందో అది చెప్పు.”

“ఏమీ అనలేదు. గేటు దగ్గరికెళ్ళాక ‘రేపు రానా?’ అంది. రోజూ వచ్చేదే కదా, కొత్తగా అడగడం.”

ఆవిడ కాగితాలు తిరగేసి మళ్ళీ మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆ నాలుగు సాయంత్రాలకీ అంతకంటే కూలి ఏం కావాలి?

‘చెప్పకు, చూపించు’ అని రచన నేర్పే ప్రతివాళ్ళూ అంటారు. మంచి సలహానే. కానీ వాళ్ళ ఉదాహరణల్లో చూపించడమంటే గుండె దడ, వణికే వేళ్ళు, ఎర్రబడ్డ బుగ్గలు. ఆ దారిలో పోతే ప్రతి పేజీలో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కార్డియాలజీ వార్డులా. మనకి చూపించే సాధనం భాషలోనే ఉంది. ‘మీరు’ ఎప్పుడు ‘నువ్వు’ అయింది, ‘ఏమండీ’ ఎప్పుడు పేరయింది, పేరు ఎప్పుడు కుదించి ముద్దుపేరయింది. ఇంగ్లీషులో రాసేవాళ్ళకి ఆ మొదటి సదుపాయం లేదు, వాళ్ళకున్నది ఒకటే ‘యూ’. ఆ పాఠాలు చదివి మనం దడలూ వణుకులూ రాసుకుంటూ కూర్చోవడం, పెరట్లో కరివేపాకు ఉంచుకుని బజారుకెళ్ళడం.

క్రియా విశేషణాలు తీసెయ్యమనేది ఇంకో సలహా. దీంట్లో సగం ఒప్పుకుంటాను. మనకి ‘గా’ జబ్బు ఉంది. కోపంగా, మెల్లగా, ప్రేమగా, ఆశ్చర్యంగా. నా పాత భాగం ఒకటి తీసి లెక్కపెడితే ‘మెల్లగా’ తొమ్మిదిసార్లు వచ్చింది. అందరూ అంత మెల్లగా కదిలితే కథ ఎప్పటికి నడవాలి? ఏడు కొట్టేశాను, లోటేమీ కనపడలేదు. కానీ ఆ సలహాకి తోకలా ఇంకొకటి వస్తుంది: సంభాషణ చివర ‘అన్నాడు’, ‘అంది’ తప్ప మరేదీ వాడొద్దని. ఇక్కడ మాత్రం నేను ఆగిపోతాను. నసిగాడు, గొణిగింది, కసిరింది, దబాయించాడు, దెప్పిపొడిచింది. ‘నసిగాడు’ అంటే చాలు, ఆ మనిషి నిలబడ్డ తీరు కూడా కనిపిస్తుంది. ‘గా’నీ తీసేసి, వీటినీ తీసేస్తే మిగిలేది ఆఫీసు మినిట్స్ బుక్కు. ఇక కర్మణి ప్రయోగం వద్దనే సలహా మనకి అక్కర్లేనే లేదు. ‘ఆమె చేత ప్రేమించబడ్డాడు’ అని ఏ తెలుగువాడన్నాడు గనక?

రోజూ రాయాలా, మూడ్ వచ్చినప్పుడు రాయాలా? రోజూ రాయాలనేవాళ్ళలో చాలామందికి వంట వేరేవాళ్ళు చేస్తారని నా అనుమానం. మూడ్ కోసం కూర్చుంటే అది వేసవి సెలవుల దాకా రాదు, ఇదీ అనుభవమే. నేను రెండూ వదిలేసి, రోజూ చదవడం పెట్టుకున్నాను. రాయకపోయినా సరే, నిన్న ఎక్కడ ఆపానో ఆ చివరి పేజీ ఒకసారి చదువుతాను, బస్సులోనో, పాలు పొంగేలోపో. ట్రోలప్ కూడా మొదటి అరగంట ముందురోజు రాసింది చదవడానికే వాడేవాడు. 250 పదాల ముచ్చట కంటే ఆ అరగంట ముచ్చటే నాకు ఎక్కువ పనికొచ్చింది.

ముందే ప్లాన్ వేసుకోవాలా, కథ ఎటు తీసుకెళ్తే అటు పోవాలా అని మరో తగవు ఉంది. డిటెక్టివ్ నవలైతే ఆలోచించాలి గానీ, ప్రేమకథలో చివర శుభం కార్డు పడుతుందని చదివేవాళ్ళకీ తెలుసు. తెలియాల్సింది ఒకటే, అప్పటిదాకా వీళ్ళిద్దర్నీ ఆపుతున్నదేంటి? ఆ ఒక్క వాక్యం ముందే రాసిపెట్టుకుంటాను, మిగతాది దారిలో దొరుకుతుంది. అది లేకుండా మొదలుపెట్టిన సీరియల్లో ఇరవై మూడో భాగానికి పెళ్ళి ఆపడానికి కారణం దొరక్క హీరో వాళ్ళ నాన్నకి గుండెపోటు తెప్పించాను. పాపం, ఆయన అప్పటిదాకా రోజూ వాకింగ్ చేసే మనిషి. పాఠకులు కూడా ఆ మాటే అడిగారు.

సీరియల్‌గా వదలడమా, మొత్తం పూర్తిచేసి పుస్తకంగానా అన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా తెగలేదు. యాప్‌లో వారం వారం భాగాలు పెడితే ‘తర్వాతి భాగం ఎప్పుడండీ?’ అని మెసేజీలు వస్తాయి. ఆ ఒత్తిడి లేకపోతే నేను రెండు కథలు పూర్తిచేసేదాన్నే కాదు. కానీ ప్రతి భాగం చివరా కొక్కెం ఉండాలి, లేకపోతే చదివేవాళ్ళు జారిపోతారు. అత్తయ్య కుట్టిన పాత సీరియళ్ళు తిరగేస్తే అందులోనూ ఇదే కనిపిస్తుంది. ప్రతి వారం చివర తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. అయితే అప్పట్లో మధ్యలో ఓ సంపాదకుడు ఉండేవాడు, ‘ఈ వారం ఏమీ జరగలేదేంటమ్మా’ అని ఉత్తరం రాసేవాడు. ఇప్పుడు మధ్యలో ఎవరూ లేరు. మెట్ల సీనుకి కొక్కెం పెట్టబోతే ఆమె కాలు జారాలి, అతను పట్టుకోవాలి. అది నాకు ఇష్టం లేదు. అందుకని మూడింట రెండు వంతులు రాసి దగ్గర పెట్టుకున్నాకే మొదటి భాగం వదలాలని నిర్ణయించుకున్నాను. మెసేజీలూ వస్తాయి, నా మెట్లూ నాకుంటాయి.

ఈ ఏడాది లక్ష్యం కూడా దాన్నిబట్టే పెట్టుకున్నాను. ఒకే నవల, 36 సీన్లు. ఏడాదికి 52 వారాలు, అందులో 36 పోతే 16. ఆ పదహారు వారాల్లో పరీక్ష పేపర్లు, వేసవి చుట్టాలు, పూర్తిగా కార్తీకం. ఆ నెల ఒక్క సీను కూడా రాయకపోయినా బాకీ పడను.

ప్రస్తుతం పద్నాలుగో సీను దగ్గర ఉన్నాను. నోటుబుక్కులో ఒక్క లైను రాసుకున్నాను: ‘వాళ్ళమ్మ ఎదురుగా మళ్ళీ మీరు.’ వారం సగం అయిపోయింది, ఇంకా మొదలుపెట్టలేదు. నిన్న రాత్రి కంచాలు తీస్తుంటే అత్తయ్య అడిగింది, వాళ్ళమ్మకి తెలిసిపోతుందా అని. ఆవిడ మోకాలికి ఆపరేషనైంది గానీ చెవులు బాగానే ఉన్నాయన్నాను.