ఈ ఫాల్గుణంలో ఎటు పోదాం: ఊటీనా, బెంగళూరా, కోఠీ–బొల్లారమా?

శివరాత్రి దాటి, పాకాల దారిలో మోదుగులు పూశాయంటే హనుమకొండ, కాజీపేట ఇళ్లల్లో ఒకటే మాట: ఎండలు ముదరకముందే ఎటైనా పోయొద్దాం. బ్రిటిష్ కాలపు బంగళాలు, పూలతోటలు చూడాలన్న కోరిక ఉన్నవాళ్లయితే వెంటనే ఊటీ పేరు ఎత్తుతారు. ఫాల్గుణ, చైత్రాల మట్టుకు నేను ఊటీని చివరన పెడతాను. పూల కోసమైతే బెంగళూరు మేలు. చరిత్ర కోసమైతే హైదరాబాద్‌లోని కోఠీ, బొల్లారం. రెండింట్లో ముందు ఏది అంటే కోఠీయే అంటాను.

ఊటీ సంగతి ముందు తేల్చేద్దాం. అందమైన ఊరే, అందులో అనుమానం లేదు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సలివాన్ 1819లో ఆ కొండల మీదికి చేరాకే అది ఇంగ్లీషువాళ్ల వేసవి విడిది అయింది. అక్కడి బొటానికల్ గార్డెన్ 1848 నాటిది. మేట్టుపాళయం నుంచి పైకి పోయే టాయ్ ట్రైన్ 46 కిలోమీటర్ల దూరాన్ని దాదాపు అయిదు గంటల్లో ఎక్కుతుంది. కల్లార్ దాటాక రెండు పట్టాల మధ్య పళ్ల పట్టీ ఒకటి కనిపిస్తుంది, ఇంజిన్ కింద ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని కొండెక్కుతుంది. పిల్లలకు చూపించదగ్గది.

కానీ నెల కుదరదు. ఊటీ ఫ్లవర్ షో మే నెలలో. మార్చిలో వెళ్తే ఆ షో కోసం పెంచుతున్న మొక్కలు చాలావరకు ఇంకా పూత పట్టని దశలో ఉంటాయి. వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే కోయంబత్తూరుకు రాత్రంతా ప్రయాణం, అక్కడి నుంచి మళ్లీ మేట్టుపాళయం. టాయ్ ట్రైన్ టికెట్లు అరవై రోజుల ముందు తెరవగానే అయిపోతాయి. సొంత కారులో పోతే నీలగిరి కొండలెక్కడానికి ఈ-పాస్ తీసుకోవాలి. ఇంత టెన్షన్ పడి పూలు లేని తోట చూడటం ఎందుకు? ఊటీని వేసవి సెలవులకు ఉంచుకోండి, అప్పుడు డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుంది.

బెంగళూరుకు మాత్రం ఇదే సరైన కాలం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ టబెబూయా చెట్లు పూస్తాయి. మన మోదుగు లాగే ఇవీ ఆకంతా రాల్చి కొమ్మ కనపడకుండా పూస్తాయి, కొన్ని గులాబీ రంగులో, కొన్ని పసుపుపచ్చగా. ఇది యాదృచ్ఛికం కాదు. జర్మనీ నుంచి వచ్చిన తోటల నిపుణుడు క్రుంబీగెల్ ఏడాదిలో ప్రతి కాలానికీ ఏదో ఒక చెట్టు పూస్తూ ఉండేలా బెంగళూరు వీధులకు చెట్లు ఎంచాడు. దాని ఫలం ఇవాళ టికెట్ లేకుండా రోడ్డు మీదే చూడొచ్చు.

లాల్‌బాగ్‌కు 1760లో హైదర్ అలీ పునాది వేశాడు, టిప్పు పెంచాడు, తర్వాత ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 240 ఎకరాలు. 1889లో మొదలైన గ్లాస్ హౌస్ ముందు ఫొటో దిగి వచ్చేయకండి, వెనక ఉన్న రాతిగుట్ట కూడా ఎక్కండి, దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మనం పప్పులో వేసుకునే బెంగళూరు వంకాయను ఈ ప్రాంతానికి తెచ్చింది లాల్‌బాగ్ సూపరింటెండెంట్ జాన్ కామెరాన్ అని చెప్తారు. తోట పని వంటింటి దాకా వచ్చిందన్నమాట. కబ్బన్ పార్క్ 1870 నాటిది, పక్కనే ఎర్రటి అఠారా కచేరీలో ఇప్పుడు హైకోర్టు ఉంది. రెండూ ఒక్క పూటలో నడిచి చూడొచ్చు. వరంగల్ నుంచి సంఘమిత్ర ఉంది, లేదంటే కాచిగూడ పోయి రాత్రి బండి ఎక్కొచ్చు. మూడు నాలుగు రోజులు చేతిలో ఉండాలి. ఒక లోటు ఉంది: లాల్‌బాగ్ ఫ్లవర్ షోలు జనవరిలో, ఆగస్టులో జరుగుతాయి, మార్చిలో ఉండవు.

ఇక కోఠీ. మన వరంగల్ వైపు బ్రిటిష్ కట్టడాలు తక్కువ ఎందుకంటే ఇది నిజాం రాజ్యం. ఇక్కడ ఇంగ్లీషువాళ్ల పెత్తనం నేరుగా కాకుండా రెసిడెంట్ (నిజాం దర్బారులో వాళ్ల ప్రతినిధి) ద్వారా, సికింద్రాబాద్ దండు ద్వారా నడిచింది. ఆ రెసిడెంట్ ఇల్లే కోఠీలోని రెసిడెన్సీ. జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతంలో మొదలుపెట్టించాడు. నక్షా గీసింది మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన శామ్యూల్ రసెల్. ఎత్తయిన మెట్లు, ఇరువైపులా సింహాలు, పైన ఆరు పెద్ద స్తంభాలు. ముందు నిలబడితే, నిజాం రాజ్యంలో తామెవరో చెప్పుకోవడానికే ఇంత ఎత్తు కట్టారని అర్థమైపోతుంది. కిర్క్‌పాట్రిక్ మొదట పెద్ద కాగితం మీద ప్లాను చూపిస్తే నిజాం ఒప్పుకోలేదట, అదే ప్లానును చిన్న అట్టముక్క మీద గీసి ఇస్తే సరే అన్నాడట.

వెనక తోటలో ఒక చిన్న నమూనా ఇల్లు ఉంది, దాన్ని తప్పక చూడండి. కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా పరదాలో ఉండేది, ముందువైపుకు వచ్చి ఆ భవనాన్ని చూసే వీలు లేదు. ఆమె చూడటానికని అదే భవనాన్ని చిన్నగా ఆమె తోటలో కట్టించాడని చెప్తారు. ఆమె ఉన్న రంగ్ మహల్ ఇప్పుడు లేదు, బొమ్మ ఇల్లు మిగిలింది. దాని స్తంభాలు చూసి, ముందుకు వచ్చి అసలు స్తంభాలు చూస్తే అప్పుడు ఆ పరదా ఎంత బరువైనదో తెలుస్తుంది.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కలిసి ఈ రెసిడెన్సీ మీదికే దండెత్తారు. మౌల్వీని అండమాన్‌కు పంపారు, తుర్రేబాజ్ ఖాన్‌ను చంపారు. ఈ మాట పిల్లలకు అక్కడే నిలబెట్టి చెప్పాలి. అదే ఆవరణలో ఇప్పుడు ఆడపిల్లల యూనివర్సిటీ నడుస్తోంది, కాబట్టి సందర్శకుల వేళలు ముందే కనుక్కుని పోవాలి.

కోఠీని ముందు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. 1798లో నిజాంతో సైన్య సహకార సంధి కుదిర్చినవాడు ఈ కిర్క్‌పాట్రిక్కే. మరుసటి ఏడాది శ్రీరంగపట్నం మీద యుద్ధంలో నిజాం సేన ఇంగ్లీషువాళ్ల పక్కన నిలిచింది, టిప్పు చనిపోయాడు. ఆ తర్వాతే లాల్‌బాగ్ చేతులు మారింది. ఊటీలోని సెయింట్ స్టీఫెన్స్ చర్చి దూలాలు కూడా టిప్పు మహలు నుంచి తెచ్చినవే. కోఠీ చూసి వెళ్తే మిగతా రెండు ఊళ్లూ వేరేగా కనిపిస్తాయి.

బొల్లారంలోని రాష్ట్రపతి నిలయం 1860 నాటిది, ఒకప్పుడు రెసిడెంట్ల విడిది. 2023 ఉగాది నుంచి ఏడాది పొడవునా జనానికి తెరిచి ఉంచుతున్నారు. తోటలు విశాలంగా ఉంటాయి, మామిడి చెట్లకు ఈ రోజుల్లో పిందెలుంటాయి. వంటగది నుంచి భోజనాల గదికి భూమి లోపల సొరంగం ఉంది, దాని గోడల మీద చేర్యాల బొమ్మలు వేశారు. చేర్యాల మొన్నమొన్నటిదాకా మన ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే కదా. మన నకాషీ బొమ్మలు ఆ గోడ మీద చూస్తే మనసు నిండుతుంది. పూల విషయంలో మాత్రం బెంగళూరుతో పోటీ పడలేదు.

ఇంట్లో పెద్దవాళ్లుంటే, చేతిలో రెండు రోజులే ఉంటే కోఠీ, బొల్లారం. కాజీపేట నుంచి సికింద్రాబాద్ రెండు గంటల పైచిలుకు. బస్సులో ఉప్పల్‌లో దిగితే మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి సుల్తాన్ బజార్‌లో దిగండి, రెసిడెన్సీ దగ్గరే. నిలయానికి సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున పదింటికల్లా చేరితే ఎండ నడినెత్తికి రాకముందే తోట తిరిగేయొచ్చు. కుర్ర జంటలు, మొక్కల పిచ్చి ఉన్నవాళ్లు బెంగళూరు బండికి ఇవాళే రిజర్వేషన్ చూసుకోండి, టబెబూయా పూత ఎక్కువ రోజులు నిలవదు. ఇంట్లో ఇంటర్, పదో తరగతి పరీక్షలు రాసేవాళ్లుంటే మాత్రం ఎటూ పోకండి, వాళ్ల పరీక్షలయ్యాక అందరూ కలిసి మేలో ఊటీ పోవచ్చు.